నాట్ల పాటే గదా

వర్షిత కంటే తానే బాగా పాడుతుందని మనస్వినికి తెలుసు. ఆ సంగతి వర్షితకూ తెలుసు. తెలియనిది చూసే జనానికే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇద్దరూ జడ్చర్లలో డిగ్రీ చదివేటప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని ర్యాప్ మొదలుపెట్టారు. ‘పాలమూరు పోరిలు’ అని పేరు పెట్టింది మనస్విని. మాటలు రాసేది మనస్విని. ఏ మాటను సాగదీయాలి, ఏ మాట మీద దెబ్బ వేయాలి, ఎక్కడ ఊపిరి బిగబట్టి జనాన్ని ఒక్క క్షణం ఆపాలి, ఇవన్నీ చెప్పేదీ మనస్వినే. మరి వర్షిత ఏం చేసేదంటే, కెమెరా ముందు నిలబడేది. ఆ పిల్ల నిలబడితే చాలు, వీడియో తీసేవాడి చెయ్యి దానంతటదే అటు తిరిగేది. షాద్‌నగర్‌లో హార్డ్‌వేర్ దుకాణం వాళ్ల పిల్ల, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. మనస్వినిది జడ్చర్లను ఆనుకుని పల్లీ చేలున్న పల్లె. మనస్విని నవ్వితే పన్ను మీద పన్ను కనపడుతుంది. అందుకని పాడేటప్పుడు నవ్వేది కాదు. నవ్వకపోతే పొగరనుకునేవాళ్లు.

ఈ మధ్య మన దగ్గర దుకాణం తెరవాలంటే కొబ్బరికాయ కొట్టడానికి అయ్యగారు ఎంత అవసరమో, రీలు చేయడానికి ర్యాప్ పాడేవాళ్లు అంత అవసరమైపోయారు. బట్టల షోరూంకు ర్యాప్, బిర్యానీ హోటల్‌కు ర్యాప్, ఆఖరికి మోకాళ్ల నొప్పుల దవాఖానకు కూడా ర్యాపే. పాలమూరు పోరిలకు గిరాకీ బాగానే వచ్చింది. మహబూబ్‌నగర్‌లో ఒక షోరూంవాళ్లు చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టించారని తెలిసి మనస్విని బస్సు దిగి పరుగున వెళ్లింది. వర్షిత నిలువెత్తున ఉంది, చేతిలో మైకు, బుగ్గన సొట్ట. వెనుక మనస్విని కూడా ఉంది. ఉందంటే ఉంది. ‘భారీ తగ్గింపు’ అని రాసిన ఎర్రటి ముద్ర ఆమె ముక్కు మీద, చెంప మీద పడింది. ఒక్క కన్ను మాత్రం బయటికి కనపడుతోంది.

“నీ కన్ను మస్తు పడ్డదే,” అంది వర్షిత, నిజంగానే మెచ్చుకుంటూ.

మనస్వినికి ఒళ్లు మండిపోయింది. తిట్టాల్సింది వర్షితను కాదని తెలుసు, ఫ్లెక్సీ కొట్టినవాణ్ని. కానీ ఫ్లెక్సీ కొట్టినవాడు ఎదురుగా లేడు, వర్షిత ఉంది. పైగా సొట్టబుగ్గ వేసుకుని నవ్వుతోంది. ఆ రోజు ఇంటికి పోయి రీలు కింద జనం రాసినవన్నీ చదివింది. ‘పచ్చ డ్రెస్సు అక్క అదరగొట్టింది.’ పచ్చ డ్రెస్సు వర్షితది. ‘పక్కనున్నామె ఎవరు, మేనేజరా?’ అని అడిగాడొకడు. వాడికి ఆరుగురు నవ్వుతూ జవాబిచ్చారు. ఆ ఆరుగురి పేర్లూ మనస్వినికి చాలాకాలం గుర్తున్నాయి.

ఆమె కోరిందేమంత పెద్దది కాదు. ఒక్కసారి, జనమంతా ఉన్నచోట, అందరి చూపూ తన మీదే ఉండాలి. పక్కన వర్షిత ఉన్నా సరే, తననే చూడాలి. ఆ ఒక్క ఆశ లోపల ఎప్పుడూ రగులుతూనే ఉండేది.

సరిగ్గా అప్పుడే రాజేశ్ వచ్చాడు. హైదరాబాద్‌లో ప్రకటనలు తీసే ఆఫీసు మనిషి. జడ్చర్ల దగ్గర కొత్తగా పెట్టిన మామిడి రసం కంపెనీ ‘జోరు’ అనే సీసాను ఎండాకాలానికి బజారులో దింపబోతోంది. సినిమావాళ్లు వద్దు, మన యాసలో పాడే ర్యాపర్ కావాలని కంపెనీవాళ్లు పట్టుబట్టారట. హైవే పక్క హోటల్‌లో చాయ్ తాగుతూ రాజేశ్ వీళ్లిద్దరి వీడియోలూ మళ్లీ చూశాడు. చూస్తున్నంతసేపూ అతని బొటనవేలు ఎవరి ముఖం మీద ఆగుతోందో మనస్విని గమనిస్తూనే ఉంది.

“వర్షితా, నువ్వు ఓకే,” అన్నాడు.

“ఇద్దరం చేస్తం గదన్నా. మాటలు రాసేదే ఇది,” అంది వర్షిత.

“రాసేటోళ్లు మాకు ఆఫీసుల ఉన్నరమ్మా. సీసా మీద ఒక్క మొఖమే పడతది. ఇద్దర్ని ఏస్తె ఎవరు యాదికుంటరు చెప్పు?”

వర్షిత ఇటు చూసింది. ఒక్కసారి అడిగింది, రెండోసారి అడగలేదు. ఆ అడగని రెండోసారినే మనస్విని మనసులో గట్టిగా ముడేసుకుంది.

“పోవే, చెయ్యి. నాకేం ఫికర్,” అంది నవ్వుతూ. పన్ను మీద పన్ను కనపడుతుందని కూడా మరిచిపోయింది. బస్సెక్కాక కిటికీ వైపు తిరిగి ఊరొచ్చేదాకా ఏడ్చింది. పక్కన కూర్చున్న ముసలాయన పాపం, ఇంట్లో ఎవరికన్నా బాగాలేదేమో అనుకున్నాడు.

*

ఇక్కడ మనస్విని వాళ్ల అవ్వ సంగతి చెప్పాలి. అవ్వంటే నాయిన తల్లి, ఈదమ్మ. ఆ ఊళ్లో ఎవరన్నా పోతే పాడె కట్టేవాళ్ల కంటే ముందు ఈదమ్మకు కబురు పోయేది. ఆమె వచ్చి శవం తలాపున కూర్చుని శోకం తీసేది. రాగం అందరికీ ఒకటే, మాటలు మాత్రం పోయిన మనిషివి. ఆ మనిషి దున్నిన చేను, సాకిన ఎడ్లు, తిన్న తిండి, అలిగిన రోజులు అన్నీ ఆ రాగంలోకి వచ్చేవి. వరస చివర ఒకచోట గుక్క పట్టేది. గొంతు టక్కున ఆగిపోయేది. ఆ ఆగిన జాగాలోనే చుట్టూ ఉన్న ఆడవాళ్లు బావురుమనేవాళ్లు. ఆ గుక్క కోసమే ఆమెను పిలిచేది. కొట్లాడుకుని ఏళ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా అక్కడికొచ్చేసరికి ఒకరి మీద ఒకరు పడి ఏడ్చేవాళ్లు.

మనస్విని ర్యాప్‌లో జనాన్ని ఆపే ఆ ఊపిరి ఎక్కడిదో కాదు, అవ్వ దగ్గరిదే. చిన్నప్పటి నుంచి చావు ఇళ్లలో అవ్వ పక్కన కూర్చుని పట్టుకున్న విద్య అది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

చావు లేని ఇంట్లో ఆ రాగం తీయకూడదు. తీస్తే కీడంటారు. అయినా ఈదమ్మకు ఒక అలవాటుంది. ఆమె చిన్న కూతురు కాన్పులో పోయింది, ఎప్పటి మాటో. చేతులు పనిలో పడితే ఆ బిడ్డ మనసులోకి వచ్చి, తెలియకుండానే సన్నగా రాగం తీసేది. ఒకసారి పల్లీలు పీకే కాలంలో వర్షిత ఆ ఇంటికి వచ్చి ఉన్నప్పుడు, ఈదమ్మ వాకిట్లో పల్లికాయ ఒలుస్తూ అట్లాగే తీసింది. వంటింట్లోంచి మనస్విని తల్లి నిర్మలమ్మ కేక వేసింది.

“అత్తా! పట్టపగలు ఇంట్ల గదేంది? బందుచెయ్యి!”

ఈదమ్మ నాలిక కరుచుకుంది. కోడలికి అత్త పాట కూడా గిట్టదు కాబోలని వర్షిత అనుకుంది. కానీ అప్పటికే ఫోనులో కొంత పట్టేసుకుంది. చేలో పాడే పాట, ఎంత బాగుందో అనుకుంది. పట్నం పిల్ల, చావంటే అద్దాల పెట్టె, పూలదండ, నిశ్శబ్దం అని తెలిసిన పిల్ల. ఆమెకు ఇంకోలా ఎట్లా తోస్తుంది?

రాజేశ్ వచ్చిపోయిన వారానికి వర్షిత ఫోను చేసింది. గొంతు నిండా సంబరం.

“మనూ, గాళ్లకు మన మట్టి రాగం ఒకటి కావాల్నంట. అవ్వ పల్లికాయ ఒలుసుకుంట తీసిన రాగం నా ఫోన్ల ఉన్నది, యాదికుందా? అది ఇనిపిస్తె రాజేశన్న ఎగిరి గంతేసిండు. అవ్వను అడిగి చెప్పవా? అది నాట్ల పాటే గదా?”

మనస్విని అప్పుడు తాను పనిచేసే మొబైల్ దుకాణంలో, ఎవరి ఫోనుకో అద్దం అతికిస్తోంది. చెయ్యి ఆగింది. కాదే, అది శోకమే, ముట్టకు అనడానికి ఎంతసేపు పడుతుంది? నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ‘రాజేశన్న ఎగిరి గంతేసిండు’ అన్న మాట చెవిలో గిర్రున తిరిగింది. తాను చిన్నప్పటి నుంచి దాచుకున్నది విని ఎవడో గంతేస్తే, మెప్పు దీనికా? సరే, వేసుకోనీ. ఊరూరా సీసా పట్టుకుని చావు రాగం తియ్యనీ. ముసలోళ్లు వినీ వినంగానే థూ అంటారు. ఎవరింటి ముందో ఆడవాళ్లు చీపుర్లు తీస్తారు. కంపెనీవాడు తలపట్టుకుంటాడు. అప్పుడు తెలుస్తుంది ఆ సొట్టబుగ్గకు, మాటలు రాసేది పక్కన లేకపోతే ఏమవుతుందో.

“ఔనే, నాట్ల పాటే,” అంది. “అవ్వను అడిగేదేంది, వాడుకో.”

“నువ్వు బంగారమే,” అంది వర్షిత.

ఫోను పెట్టేశాక మనస్విని అతికించిన అద్దం చూసుకుంటే వంకరగా పడింది. పీకి మళ్లీ అతికించింది. లోపల ఎక్కడో భయం వేసింది కానీ, దానికంటే తీపి ఎక్కువగా ఉంది.

*

ఎండలు ముదిరేసరికి జోరు వచ్చింది. టీవీలో వచ్చింది, ఫోనుల్లో వచ్చింది, ఆటోలకు మైకులు కట్టి ఊళ్లలోకీ వచ్చింది. వర్షిత కంది చేను గట్టు మీద నిలబడి, పచ్చ డ్రెస్సులోనే, అవ్వ రాగం అందుకుంటుంది. ‘ఎండా మండుతాందే... దూపా అయితాందే...’ అని లాగి లాగి, సరిగ్గా అవ్వ గుక్క పట్టేచోట ఆపుతుంది. ఆ ఆగిన జాగాలో సీసా మూత టప్పున ఊడుతుంది. ‘జోరు తాగు!’ అంటుంది. వెనక నుంచి బీటు దడదడ వచ్చి పడుతుంది.

మనస్వినికి గుండె జల్లుమంది. అంత బాగా కుదిరింది మరి. తాను చేసినా అంత బాగా కుదిరేది కాదేమో అనిపించి, ఆ అనిపించినందుకు వర్షిత మీద ఇంకా కోపం వచ్చింది.

ఆటో మొదటిసారి ఊళ్లోకి వచ్చిన రోజు ఈదమ్మ చేతిలో చెంబు పట్టుకునే వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. “ఎవలింట్ల పోయిండ్రు? ఎవలు పోయిండ్రు బిడ్డా?” అని అడిగింది. అరుగు మీద కూర్చున్న మగవాళ్లు విరగబడి నవ్వారు. “ఎవలు పోలేదవ్వా, మామిడి రసం వచ్చింది,” అన్నాడు వాళ్లలో ఒకడు. ఈదమ్మ ఆటో పోయేదాకా అక్కడే నిలబడి, తర్వాత ఇంట్లోకి పోయింది.

టీవీలో వస్తే నిర్మలమ్మ గబుక్కున బంద్ చేసేది. “గిదేం కాలమే! శోకం తెచ్చి డబ్బల ఏసిండ్రు,” అని తిట్టేది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చెంపలు వేసుకున్నారు. మనస్విని ఆశగా చూసింది. అంతే, మంట అక్కడితోనే ఆరిపోయింది. చీపుర్లు ఎవరూ తీయలేదు. వారం తిరిగేసరికి తిట్టిన ఆడవాళ్ల మనవలే గల్లీల్లో ఆ పాట పాడుతుంటే, వాళ్లే ముసిముసిగా నవ్వుకున్నారు. బారాత్‌లలో డీజేవాళ్లు అందుకున్నారు. జనం దాన్ని రింగ్‌టోన్ పెట్టుకున్నారు.

మొబైల్ దుకాణం పక్క కిరాణా కొట్టువాడు ఫ్రిజ్ ముందు వర్షిత అట్టబొమ్మ నిలబెట్టాడు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా మనస్విని దాన్ని చూస్తూ కూర్చోవాలి. దుకాణానికి వచ్చినవాళ్లు అడిగేవాళ్లు. “మీ దోస్తంట గదక్కా, ఒక సెల్ఫీ ఇప్పియ్యరాదు?” గాలికి ఆ బొమ్మ పడిపోతే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. కొట్టువాడు మళ్లీ నిలబెట్టేవాడు. వర్షిత ఫోను చేస్తే ఎత్తేది కాదు. ‘రాగం మీ అవ్వదేనని అందరికి చెప్పిన. అవ్వకు చీర తెస్తున్న’ అని మెసేజ్ పెట్టింది ఒకసారి. మంచితనం చూపించి కూడా ఏడిపిస్తుందీ పిల్ల, అనుకుంది మనస్విని.

*

కాటమయ్య చేనుకు పోయి మోటరు దగ్గర పడిపోయాడు. దవాఖానకు తీసుకపోయేలోగా ప్రాణం పోయింది. ఈదమ్మకు పెద్ద కొడుకు, మనస్వినికి పెద్దనాయిన. ఎత్తుకుని తిప్పినవాడు, మొదటి పాట విని ఊరంతా తిరిగి గొప్పగా చెప్పుకున్నవాడు. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ఊరంతా వచ్చింది. మనస్విని గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

కాటమయ్య తనకూ తెలిసిన మనిషే కాబట్టి వర్షిత కూడా వచ్చింది. కారు దిగి, పూలదండ పట్టుకుని తల వంచుకుని నడిచింది. ఆమెను చూడగానే వెనక నిలబడ్డ పోరగాళ్లలో గుసగుస మొదలైంది. “జోరు అక్క, జోరు అక్క.” ఒకడు ఫోను తీశాడు కూడా. ఇంత ఏడుపులోనూ మనస్వినికి కడుపు భగ్గుమంది. మా పెద్దనాయిన చావుకు కూడా ఇదే కావాలా మీకు, అనుకుంది. తనకే సిగ్గనిపించింది గానీ మంట ఆగలేదు.

ఈదమ్మ కొడుకు తలాపున కూర్చుంది. ఇన్నేళ్లూ ఊరి శవాలకు శోకం తీసిన మనిషి. ఆడవాళ్లంతా చుట్టూ చేరి ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. ఈదమ్మ కొడుకు నుదుటి మీద చెయ్యేసి రాగం ఎత్తింది.

“ఎండల పడి ఎల్లితివి కొడుకా... మోటరు కాడ ఒరిగితివి కొడుకా...”

గొంతు సాగింది, వణికింది, గుక్క పట్టేచోటికి వచ్చి టక్కున ఆగింది.

“జోలు తాగూ!”

కాటమయ్య మనవరాలే. మూడేళ్లది. తల్లి కరుణ చంకలో ఉండి, చేతులు ఊపుతూ ముద్దుగా అంది. కరుణ అదిరిపడి పిల్ల నోరు మూసింది. పిల్ల కెవ్వుమంది. వెనక పోరగాళ్లు నవ్వు ఆపుకోలేక ముఖాలు తిప్పుకున్నారు. పెద్దవాళ్లలో కూడా ఇద్దరు ముగ్గురి పెదవులు వంకరపోయాయి. బావురుమనాల్సిన ఆడవాళ్లు ఎవరూ బావురుమనలేదు.

ఈదమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ ఎత్తింది. “బువ్వ తినక పోతివి కొడుకా...” ఆగాల్సిన చోటు దగ్గరపడుతుంటే ఆమె గొంతే తడబడింది. చుట్టూ అందరి కళ్లల్లోకి ఒకసారి చూసింది. ఆ జాగాలో ఏమొస్తుందో అందరికీ తెలుసు. అందరూ దానికోసమే భయపడుతూ ఎదురుచూస్తున్నారు. ఈదమ్మ నోరు మూసేసింది.

గోడ దగ్గర వర్షిత ముఖం తెల్లగా పాలిపోయింది. చేతిలో దండ అట్లాగే ఉంది. మెల్లగా మనస్విని పక్కకు వచ్చింది.

“గది శోకమా మనూ?” అంది. “నాట్ల పాటే అంటివి గదనే. నీకు ఎరికే గదా?”

మనస్విని తల వంచుకుంది. అది చూసి నిర్మలమ్మ కూతురి వైపు తిరిగింది. అక్కడ నిలబడ్డవాళ్లు కూడా విన్నారు. మాట ఆడవాళ్ల నడుమ నుంచి పాకి ముందుకు పోయింది. ఈదమ్మ చెవిన కూడా పడిందో లేదో తెలియదు. ఆమె తిట్టలేదు, అడగలేదు. కొడుకు నుదుటి మీద నుంచి చెయ్యి తీయకుండానే మనస్వినిని పిలిచింది.

“ఇటు రా బిడ్డా. నాకు వస్తలేదు. ఎటు తీసినా గా సీసానే అడ్డమొస్తాంది. నా కొడుకును ఉత్తగ ఎట్ల పంపుదు? నువ్వు పాటలు కడతవు గదా. మీ పెద్దనాయినకు ఒకటి కట్టు.”

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. మనస్విని వచ్చి పెద్దనాయిన కాళ్ల దగ్గర కూర్చుంది. వాకిలి నిండా ఊరు. ఆడవాళ్లు, మగవాళ్లు, గోడెక్కిన పోరగాళ్లు, అందరూ ఆమెనే చూస్తున్నారు. ఫోను తీసినవాడు కూడా దాన్ని జేబులో పెట్టేసి ఆమెనే చూస్తున్నాడు. వర్షిత అక్కడే నిలబడి ఉంది, ఆమె వైపు ఒక్కరూ చూడటం లేదు.

మనస్విని నోరు తెరిచింది. అవ్వ దగ్గర నేర్చుకున్న ఆ ఒక్క రాగం తప్ప ఆమె దగ్గర ఇంకొకటి లేదు.